ఏడు కూరల విస్తరి

చి. ల. సౌ. సుజాతకి పెద్దత్త ఆశీస్సులు.

ఉగాదికి ఇంట్లో పాతికమందికి విస్తళ్లు వేస్తానన్నావట, అబ్బాయి చెప్పాడు. విశాఖ నుంచి వచ్చి ఏడాదైనా కాలేదు, నీ ధైర్యం నాకు నచ్చింది. కానీ గుత్తివంకాయ, గోంగూర అంటూ నువ్వు రాసుకున్న జాబితా ఈసారికి పక్కన పెట్టు. మారిషస్‌లో మన తెలుగిళ్లలో, తమిళిళ్లలో శుభకార్యానికి అరిటాకు వేశారంటే ఏడు కూరలు పడాలి. పైకి అనరు గానీ అందరూ లెక్కపెడతారు.

పనసకాయ, అరటికాయ, గుమ్మడి, వంకాయ, గ్రో ప్వా అనే పెద్ద చిక్కుడు గింజలు, ఏదో ఒక ఆకుకూర, రసం. ఇంటింటికీ ఒకటి రెండు మారతాయి. మీ ఇంటి వరస మీ అత్తగారినడుగు, నన్ను కాదు.

వంట బయటివాళ్లకి అప్పజెప్పకు. ముందురోజు సాయంత్రం ఇంటి ఆడవాళ్లందర్నీ కూరలు తరగడానికి పిలువు. 1834 తర్వాత ఈ దీవిలో చెరకు తోటల పనికి భారతదేశం నుంచి సుమారు నాలుగున్నర లక్షల మంది ఓడలు దిగారు. వాళ్లలో మన తాతలు వచ్చింది మీ తీరం నుంచే. ఇప్పుడు ఇళ్లలో మాట్లాడేది ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాష, తెలుగు బడిలో ఒక పాఠం. పద్యం ఒక్కటీ రాని మన పిల్లలకి కూడా ఆకులో ఏది ఎక్కడ వడ్డించాలో తెలుసు. అది ఆ కత్తిపీటల దగ్గర కూర్చుని నేర్చుకున్నదే.

పచ్చడికి మామిడి సంగతి చూసుకో. ఇక్కడ కాయలు డిసెంబరు, జనవరిల్లో. ఉగాది నాటికి అయిపోతాయి. వచ్చే ఏడు పుల్లటి ముక్కలు ముందే ఫ్రీజరులో దాచు. ఈసారికి నావి పంపిస్తాను.

దాల్ పూరీ కూడా చేస్తావా? మన బొబ్బట్టు లాగే పూర్ణం పెట్టి వత్తడమే, తీపి ఉండదు. శనగపప్పు వేలితో నొక్కితే చితకాలి, ముద్ద కాకూడదు. ఉడికించిన నీళ్లు పారబోయకు, మైదా వాటితోనే కలపాలి. ఇది భోజ్‌పురి వాళ్ల వంట. ఇవాళ రాజధాని పోర్ట్ లూయీ వీధుల్లో చీనీవాళ్లూ, ఆఫ్రికా మూలాల క్రియోల్‌వాళ్లూ జతలు జతలుగా కొనుక్కుని తింటారు. మనది కాదని నేను మాత్రం ఎందుకు మానాలి?

ఎదురింటి చీనీ ఆవిడ వసంత పండగకి మైనం కేకు అనే జిగట బియ్యప్పిండి మిఠాయి ఇచ్చింది కదా, పక్కింటి సాయిబుగారు ఈదుకి బిర్యానీ పంపారు. వాళ్ల గిన్నెల్లోనే పాయసం, రెండు కూరలు పోసి ఇద్దరికీ పంపు. వాళ్ల గిన్నె ఖాళీగా వెనక్కివ్వకు.

ఆకులు మాత్రం ముందే చెప్పుకో. ఇవి తుఫాన్ల నెలలు, గాలి వీచిందంటే చినగని ఆకు ఒక్కటీ దొరకదు. మా పెరట్లోవి ముందుగా కోసి ఉంచమంటావా? ఎన్ని కావాలో అబ్బాయి చేత చెప్పించు.

మీ పెద్దత్త