పన్ను తీయించుకునే ముందే ఎముక సంగతి అడుగు

బిడ్డా,

సకినం కొరికితే కింది దవడ పన్ను చీలిందని, తీసేయాల్సిందేనన్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చీలిక వేరు దాకా దిగితే ఆ పన్ను నిలవదు, నిజమే. కానీ శనివారమే పోయి ఎక్కడో ఒకచోట పీకించుకుంటానన్నావట. అట్ల తొందరపడకు. ఇన్నేళ్లు ఈ పనే చేసినవాణ్ని కాబట్టి చెబుతున్నా, పోయిన పన్ను చోట ఎముకలో బిగించే స్క్రూ, అదే ఇంప్లాంట్, దాని భవిష్యత్తు సగం పన్ను తీసే రోజే తేలిపోతుంది. వాపు, జ్వరం ఉంటే, నోరు తెరవరాకపోతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు.

పన్ను పోగానే దాన్ని పట్టుకున్న ఎముక కరగడం మొదలవుతుంది. బుగ్గ వైపు గోడ పలచన, ముందు తరిగేది అదే. ఏడాదిలో వెడల్పు సగం దాకా తగ్గవచ్చు, అందులో ఎక్కువ భాగం మొదటి 3 నెలల్లోనే. ఎముక కుంగిన చోట చిగురూ కుంగుతుంది.

అందుకే డాక్టరును మొదట అడగాల్సింది, పన్నును ముక్కలు చేసి తీస్తారా అని. కింది దవడ పన్నుకు మామూలుగా రెండు వేర్లు, చెరో వైపు విరిసి ఉంటాయి. రెండింటినీ కలిపి ఫోర్సెప్స్‌తో, అంటే పన్ను పీకే పట్టకారుతో, ఊపి లాగితే బుగ్గ వైపు గోడ విరిగి వేరుకు అంటుకుని వచ్చేసే ప్రమాదం ఉంటుంది. అట్ల వచ్చిన పన్నులు చాలా చూశాను. వేరు పక్కన గోరంత తెల్లటి పెచ్చు ఉంటుంది. అది పోయిందంటే తర్వాత ఎంత ఖర్చు పెట్టినా ఆ గోడను మళ్లీ కట్టడం కష్టం. అదే పన్నును మధ్యకు కోసి, ఒక్కో వేరును సన్న పనిముట్టుతో మెల్లగా కదిలిస్తే ఎముక ఎక్కడిదక్కడే ఉంటుంది. టైమ్ ఎక్కువ పడుతుంది, ఓపిక పట్టు.

తర్వాత గుంటను శుభ్రం చేసి, ఎముక పొడి నింపి, పైన కొలాజెన్ పొర కప్పి కుట్టేస్తారు. దీంతో కరగడం పూర్తిగా ఆగదు, బాగా తగ్గుతుంది. ఆ పొడి చాలాసార్లు ఆవు ఎముకతో చేసింది, పొర కూడా జంతువులదే. మీ అత్తగారింట్లో పట్టింపు ఉంటే ముందే అడుగు, పొడిలో కృత్రిమంగా చేసినవీ దొరుకుతాయి.

ఆ రోజంతా పుక్కిలించకు, ఉమ్మకు, స్ట్రాతో తాగకు. వేడి చాయ్ వద్దు, చల్లారిన జావ తాగు. షుగర్ ఉన్నదానివి, మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష చేయించుకునే పో. అది అదుపులో లేకపోతే పుండు తొందరగా మానదు, ఇంప్లాంటూ ఎముకకు సరిగా అతుక్కోకపోవచ్చు.

నాలుగైదు నెలలాగి, ఇంప్లాంట్ పెట్టే ముందు, దవడ ఎముకను అన్ని వైపులా చూపే సీబీసీటీ స్కాన్ తీయించాలి. కింది దవడలో నరం ఉంటుంది, ఇంప్లాంట్ కొసకూ దానికీ కనీసం 2 మి.మీ. ఎడం కావాలి. ఇంప్లాంట్ చుట్టూ కదలని గట్టి చిగురు కూడా కనీసం 2 మి.మీ. ఉంటే మంచిది. లేకపోతే బ్రష్ తగిలినప్పుడల్లా మంట పుట్టి, తోమడమే మానేస్తారు. ఎముక మళ్లీ తరగడానికి అదే దారి. ఇంప్లాంట్ మీద క్యాప్ (పంటి తొడుగు) పెట్టేటప్పుడు కింద సన్న బ్రష్ దూరే సందు ఉంచమని అడుగు.

శుక్రవారం లోపు ఎక్స్‌రే ఫోటో వాట్సాప్‌లో పంపు. కరీంనగర్‌లో వేర్లు విడదీసి తీసేవాళ్లు దొరక్కపోతే హనుమకొండకు రా, మనకు తెలిసిన డాక్టర్ దగ్గరికి నేనే తీసుకుపోతా.

మీ పెద్దబాపు