గివ్ అప్‌లోని ‘అప్’ మన ‘ఏయ్’ లాంటిదే

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి, మరి రెండూ కలిస్తే మానేయడం ఎలా అయిందని అడిగావు. అడగవలసిన ప్రశ్నే. ఇది తేల్చుకోకుండా అర్థాలు బట్టీ పడితే పరీక్షలో అన్నీ కలగాపులగం అవుతాయి.

ముందు ‘పైకి’ అన్న మాట పక్కన పెట్టు. తినమనడానికి ఈట్, మిగల్చకుండా తినేయమనడానికి ఈట్ అప్. డ్రింక్ అప్ అంటే తాగేయ్, టేర్ అప్ అంటే చింపేయ్. పని పూర్తిగా అయిపోయిందని చెప్పడానికి మనం క్రియ చివర ‘ఏయ్’ తగిలిస్తాం చూడు, ఈ అప్ చేసే పని అదే. ఆ లెక్కన గివ్ అప్ అంటే ఇచ్చేయ్. స్టాండ్ అప్, పిక్ అప్‌లలో మాత్రం అప్ నిజంగా పైకే, అక్కడ ఈ సూత్రం పనిచేయదు.

దాని పాత అర్థం కూడా ఇచ్చేయడమే. ఇంగ్లండులోని పీటర్‌బరో మఠంలో 1154 దాకా సంఘటనలు రాసిపెట్టిన చరిత్ర ఒకటుంది. స్టీఫెన్ రాజు చెస్టర్ ప్రభువు రానల్ఫ్‌ను ఖైదు చేసి, కోటలన్నీ అప్పగిస్తానని ప్రమాణం చేయించుకుని వదిలిపెట్టాడనీ, ఆయన కొన్ని అప్పగించి కొన్ని అప్పగించలేదనీ అందులో ఉంది. ఆ ‘అప్పగించాడు’ దగ్గర రాసిన మాట ‘యాఫ్ అప్’. ఇప్పటి గేవ్ అప్ అదే. పాత ఇంగ్లీషులో ఆ క్రియ ‘య’తో మొదలయ్యేది. స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల భాష ప్రభావంతో ‘గ’ నిలబడింది.

కోట ఇచ్చేస్తే లొంగిపోయినట్టే కదా. మిగతా అర్థాలన్నిటికీ దారి అక్కడే దొరుకుతుంది. నోటుబుక్కులో గివ్ అప్‌కి ఒక పేజీ కేటాయించి, అర్థాలు కాకుండా, దేన్ని ఇచ్చేస్తున్నామో రాసుకో. సీటయితే ఇచ్చేయడం. అలవాటయితే మానేయడం. ఆశ, హక్కు అయితే వదులుకోవడం. తనను తానే అయితే, అంటే గివ్ హిమ్‌సెల్ఫ్ అప్ అయితే, పోలీసులకు లొంగిపోవడం. ఏమీ లేకుండా ఒట్టి ‘ఐ గివ్ అప్’ అయితే, పొడుపుకథ విప్పలేక చేతులెత్తేయడం. ఒక్కోదానికి నీ ఇంట్లో జరిగే సంగతితో ఒక వాక్యం రాయి, నిఘంటువులో వాక్యం దించుకోకు.

ఇక ఎక్కువమంది తప్పుచేసే చోటు. నామవాచకం అప్‌కి ఎటువైపైనా ఉండొచ్చు: గివ్ అప్ ద సీట్, గివ్ ద సీట్ అప్, రెండూ సరే. సర్వనామం మాత్రం మధ్యలోనే కూర్చోవాలి. గివ్ అప్ ఇట్ అనకూడదు, గివ్ ఇట్ అప్ అనాలి. మరిచిపోతే 2015లో గ్యాస్ సబ్సిడీ స్వచ్ఛందంగా వదులుకోమని కేంద్రం నడిపిన ప్రచారం పేరు తలుచుకో. అది ‘గివ్ ఇట్ అప్’. కానీ వేదిక మీద ఎవరైనా ‘గివ్ ఇట్ అప్ ఫర్’ అని ఒక పేరు చెబితే వదులుకోమని కాదు, ఆ మనిషికి చప్పట్లు కొట్టమని.

రెండో తప్పు గివ్ అప్ టు స్మోక్. ఇక్కడ తెలుగే నీకు దారి చూపిస్తుంది. తాగడానికి మానేశాడు అనం, తాగడం మానేశాడు అంటాం. ఆ ‘డం’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘ఇంగ్’ పెట్టు: గేవ్ అప్ స్మోకింగ్. హ్యాజ్, హ్యావ్ తరవాత గేవ్ రాదు, గివెన్ అప్ అనాలి.

ఒక్క ‘ఆన్’తో అర్థం ఎంత మారుతుందో చూడు. ‘గివ్ హిమ్ అప్’ అంటే వాణ్ణి అప్పగించడమో, వదులుకోవడమో. ‘గివ్ అప్ ఆన్ హిమ్’ అంటే వాడు బాగుపడతాడన్న ఆశ వదిలేయడం. ఒక విద్యార్థి గురించి రాసేటప్పుడు ఈ రెండూ తారుమారైతే చాలా చెడ్డ వాక్యం తయారవుతుంది.

గివ్ ఇన్ వేరు. ఫోన్ కోసం పిల్లవాడు గంటసేపు ఏడిస్తే తల్లి విసిగి ఇచ్చేసింది: ఆమె గేవ్ ఇన్. ఎదుటివాడి ఒత్తిడికి తలొగ్గితే ఇన్, మన ప్రయత్నం మనమే ఆపేస్తే అప్.

1611 నాటి ఇంగ్లీషు బైబిలులో అబ్రాహాము ‘గేవ్ అప్ ద గోస్ట్’ అని ఉంటుంది. గోస్ట్ అంటే అక్కడ దయ్యం కాదు, ప్రాణం. ప్రాణం విడిచాడని. ఇప్పుడు దాన్ని పాడైపోయిన మిక్సీకి, పాత స్కూటరుకు వాడతారు. పోయిన మనిషి గురించి అనకు, మొరటుగా ఉంటుంది.

పలికేటప్పుడు బరువు అప్ మీద పడాలి. విడివిడిగా గివ్, అప్ అనకుండా ‘గివప్’, ‘గివిటప్’ అని కలిపి పలుకు. రోజూ పదిసార్లు గట్టిగా చదివితే వారంలో నాలుక తిరుగుతుంది. ఉద్యోగ దరఖాస్తులో మాత్రం గేవ్ అప్ మై జాబ్ అని రాయకు, రిజైన్డ్ అని రాయి.

ఆ పేజీ నిండాక యూజ్ అప్, బ్రేక్ అప్ మొదలుపెట్టు. రాసిన వాక్యాలు పంపితే దిద్ది పంపుతాను.

మీ పెదనాన్న