రాగం లేని పాటలో శోకం ఎక్కడిది?

ప్రశ్న: మా అబ్బాయి ఎప్పుడు చూసినా ఇంగ్లీషు ర్యాప్ పాటలే వింటుంటాడు. ఈమధ్య ఎమినెం పాడిన 'స్టాన్' వినిపించి, ఇది వింటే ఏడుపు వస్తుందమ్మా అన్నాడు. నాకు గబగబా దొర్లిపోయే మాటలు తప్ప రాగమేమీ వినిపించలేదు. ఘంటసాల పాటలు వింటూ పెరిగినదాన్ని. రాగమే లేనప్పుడు రసం ఎక్కడి నుంచి వస్తుందండీ?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: విషాదం అనగానే శివరంజని కోసం చెవి వెతుక్కోవడం మన సినిమా సంగీతం మనకు చేసిన అలవాటు. ర్యాప్‌లో ఆ భారాన్ని గొంతు, ఊపిరి, మాట తాళం మీద పడే చోటు, వెనక వినిపించే చప్పుళ్లు పంచుకుంటాయి. పద్యానికి రాగం తీసి వన్స్‌మోర్ అనిపించుకున్న రంగస్థల నటుడే మరుక్షణం ఒక్క వచనపు ముక్కతో సభను నిశ్శబ్దం చేయగలడు కదా. ఇక్కడా వినవలసింది ఆ పలుకుబడినే.

2000లో వచ్చిన 'ది మార్షల్ మాథర్స్ ఎల్‌పీ' ఆల్బమ్‌లోని ఈ పాట, నిజానికి ఉత్తరాలతో నడిచే చిన్న నాటకం. నాలుగు చరణాల్లో మొదటి మూడూ స్టాన్ అనే కల్పిత అభిమాని తన ఆరాధ్య గాయకుడితో చెప్పుకొనేవి, నాలుగోది ఆ గాయకుడి జవాబు. మొదటి చరణంలో అతడి గొంతు ఎంత మర్యాదగా ఉంటుందో గమనించండి. జవాబు రాకపోవడానికి కారణాలు కూడా అతడే వెతికి సర్దిచెప్పుకుంటాడు. మాటల వెనక వాన చప్పుడు, కాగితం మీద గీస్తున్న చప్పుడు వినిపిస్తాయి. రెండో ఉత్తరంలో నిష్ఠూరం మొదలవుతుంది. మూడో చరణానికి వచ్చేసరికి అతడు రాయడం మానేసి, గర్భవతి అయిన ప్రియురాలిని కారు డిక్కీలో బంధించి, వానలో కారు నడుపుతూ క్యాసెట్‌లో మాట్లాడుతుంటాడు, గొంతు అరుపుగా మారిపోతుంది. తాళం మాత్రం వేగం పెంచదు. మనిషి కళ్లెదుటే కూలిపోతున్నా నిమ్మకు నీరెత్తినట్టు సాగిపోయే ఆ తాళమే, నా మట్టుకు నాకు, ఆ అరుపుల కంటే ఎక్కువ గుబులు పుట్టిస్తుంది.

చివరి చరణంలో గాయకుడు తాపీగా, పెద్దన్నలా మందలిస్తూ జవాబు రాస్తాడు. కారుతో సహా వంతెన మీంచి నీళ్లలో పడిపోయిన ఒకడి గురించి వార్తల్లో చూశానని చెబుతూ చెబుతూ, వాడెవడో స్ఫురించి ఆగిపోతాడు. మనకు ముందే తెలిసిన సంగతి అతడికి ఆలస్యంగా తెలియడంలోనే ఉంది శోకమంతా.

రాగం లేదన్నారు గానీ, చరణాల నడుమ ఒక స్త్రీ కంఠం హాయిగా పాడుతూనే ఉంటుంది. అది ఇంగ్లండు గాయని డైడో 1999 నాటి 'నో ఏంజెల్' ఆల్బమ్‌లో పాడిన 'థాంక్యూ' పాట మొదటి చరణం. చల్లారిన టీ, కిటికీ అవతల వాన, గోడ మీద ఫొటో. ఆమె పాటలో ఈ దిగులు కాసేపే ఉంటుంది, ఆ తర్వాత ప్రియుడికి కృతజ్ఞత చెప్పే పల్లవి వచ్చి మనసు తేటపడుతుంది. ఆ పల్లవిని వదిలేసి దిగులు ముక్కను మాత్రమే తీసుకుని మళ్లీ మళ్లీ తిప్పడంతో, గోడ మీది ఫొటో ప్రియుడిది కాకుండా అభిమాన తారది అయిపోయింది. రెండు పాటలనూ మీ అబ్బాయితో కూర్చుని వెంటవెంటనే వినండి.

ప్రశ్న: మా కాలేజీ ఫంక్షన్లలో అందరం గంతులేసే 'హే యా' విషాదగీతమని నా రూమ్‌మేట్ వాదిస్తున్నాడు. నిజమేనా?
— ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: మీ రూమ్‌మేట్ చెప్పింది సగం నిజం. అమెరికాలోని అట్లాంటాకు చెందిన ఇద్దరు ర్యాపర్ల బృందం అవుట్‌కాస్ట్‌లో ఒకరైన ఆండ్రే 3000 దీన్ని 2003లో విడుదల చేశారు. ఒంటరితనానికి భయపడి, అమ్మానాన్నలు ఎలాగో నెట్టుకొచ్చారు గనుక మనమూ నెట్టుకురావాలనుకుని కలిసి ఉంటున్న జంట గురించిన పాట ఇది. మీకు నా మాటలు వినాలని లేదు, గంతులేస్తే చాలు అని గాయకుడే మధ్యలో దెప్పుతాడు కూడా! తాళం లెక్కపెట్టి చూడండి: నాలుగేసి దెబ్బల ఆవర్తాలు మూడు గడిచాక రెండు దెబ్బలదొకటి వచ్చి, మళ్లీ నాలుగేసివి రెండు వస్తాయి. చప్పట్లు వేసేవాళ్లు తడబడేది ఆ రెండు దెబ్బల దగ్గరే. అలాగని ఆ హుషారు ఉత్త ముసుగేమీ కాదు, కాబట్టి గంతులేయడం మానక్కర్లేదు.

ప్రశ్న: ర్యాప్ వేగాన్ని నా ఇంగ్లీషు అందుకోలేదు. లిరిక్స్ ముందే చదువుకుని వింటే మంచిదా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు వినండి, తర్వాత చదవండి. ముందే చదివితే చెవి అర్థం కోసం పరుగెత్తి గొంతును వదిలేస్తుంది. 1995 నాటి టుపాక్ పాట 'డియర్ మామా'తో మొదలుపెట్టండి; నింపాదిగా నడిచే పాట. తల్లి మత్తుకు బానిస అయిన సంగతిని కొడుకు దాచడు, అయినా ఆమె తనకు మహారాణేనంటాడు, రెండూ దాదాపు ఒకే ఊపిరిలో. అమ్మను దేవతను చేసే మన పాటల్లో ఇంత నిజాయితీ అరుదు. విన్నాక లిరిక్స్ తెరిచి, మీరు గొంతులో పట్టుకున్న నిష్ఠూరం ఏ వాక్యం దగ్గరిదో వెతికి చూడండి.