లింకులు పెట్టడమే ఆఫ్-పేజ్ ఎస్‌ఈఓ కాదు

ప్రశ్న: బీకామ్ ఫైనలియర్ చదువుతున్నాను. అమీర్‌పేటలో డిజిటల్ మార్కెటింగ్ కోర్సులో చేరాను. ఆఫ్-పేజ్ ఎస్‌ఈఓ అంటే రోజూ రకరకాల డైరెక్టరీల్లో (సైట్ల జాబితాలుండే వెబ్‌సైట్లలో) సైటు లింకు పెట్టుకుంటూ పోవడమేనని చెబుతున్నారు. దీంతో ఉద్యోగం వస్తుందా? టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఇదొక్కటే నేర్చుకుంటే ఉద్యోగం వచ్చినా నిలవదు. ఎస్‌ఈఓ అంటే సెర్చ్ ఫలితాల్లో సైటు పైకి వచ్చేలా చేయడం. అందులో సైటు బయట చేసే పని ఆఫ్-పేజ్. లింకును సెర్చ్ ఇంజిన్ అసలు ఎందుకు పట్టించుకుంటుందో తెలిస్తే ఆ సంగతి మీకే అర్థమవుతుంది.

తన గురించి ఏ సైటైనా గొప్పగానే రాసుకుంటుంది. సంబంధం చూసేటప్పుడు బయోడేటా పక్కన పెట్టి ఊళ్లో వాకబు చేసినట్టు, సెర్చ్ ఇంజిన్ కూడా బయటివాళ్ల మాట వింటుంది. స్టాన్‌ఫర్డ్‌లో చదువుతుండగా లారీ పేజ్, సెర్గీ బ్రిన్ రూపొందించి 1998లో వివరించిన పేజ్‌ర్యాంక్ పద్ధతి ఇదే. నలుగురూ లెక్కచేసే పేజీ నుంచి వచ్చిన లింకుకు విలువ ఎక్కువ. ఆ పేజీయే వంద సైట్లకు లింకులిస్తే ఆ విలువ వంద వాటాలవుతుంది. అడిగిన ప్రతివాళ్లకూ లింకిచ్చే డైరెక్టరీ వల్ల మీకు దక్కేది ఎంతో ఊహించండి.

పైగా 2012లో గూగుల్ పెంగ్విన్ అప్‌డేట్ తెచ్చి, కొన్న లింకులతో, ఇలా ఊరికే పోగేసిన లింకులతో పైకొచ్చిన సైట్లను కిందికి దించింది. 2016 నుంచి అది ప్రధాన అల్గారిథమ్‌లోనే భాగం. ఇప్పుడు అలాంటి లింకులను చాలావరకు లెక్కలోకే తీసుకోదు. అంటే రోజంతా పడ్డ కష్టం వృథా. మరీ శ్రుతిమించితే గూగుల్ సిబ్బందే సైటుపై చర్య తీసుకోవచ్చు.

ఇంటర్వ్యూల్లో డొమైన్ అథారిటీ గురించి అడుగుతారు. అది ఒక సైటు సెర్చ్‌లో ఎంత పైకి రాగలదో మోజ్ అనే సంస్థ వేసే అంచనా, గూగుల్ ఇచ్చే మార్కు కాదు. ఈ తేడా స్పష్టంగా చెప్పగలగాలి.

మీకున్న అసలు బలం బీకామ్. దాన్ని తక్కువగా చూడకండి. జీఎస్‌టీలో కాంపోజిషన్ స్కీమ్ ఎవరికి లాభమో చిన్న వ్యాపారులకు తేలిక తెలుగులో వివరిస్తూ ఒక మంచి పేజీ రాయండి. వర్తక సంఘాలకు, అకౌంటెంట్లకు చూపించండి. నచ్చినవాళ్లు తమ సైట్లలో దాని లింకు ఇస్తారు. ఒక్కటి వచ్చినా అది మీరు సంపాదించుకున్న లింకు. నేను ఆఫ్-పేజ్ నైపుణ్యం అనేది దీన్నే.

దాంతోపాటు మీ వీధిలోని టిఫిన్ సెంటరో, చీరల కొట్టో తీసుకుని, యజమానిని అడిగి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్స్‌లో కనిపించే వ్యాపార వివరాలు) సరిచేయండి. స్థానిక ఫలితాల్లో వెతికినదానికి పొంతన, దూరం, పేరుప్రఖ్యాతులు చూస్తామని గూగులే చెబుతోంది. అడ్రసు, ఫోను నంబరు అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. నిజంగా వచ్చిన కస్టమర్లనే రివ్యూ అడగాలి. డిస్కౌంటు ఆశ చూపి రాయించుకోవడం నిబంధనలకు విరుద్ధం.

ఇక మీ ఇన్‌స్టిట్యూట్ సంగతి. నడుస్తున్న సైటు తెరిచి, సెర్చ్ కన్సోల్‌లో (సైటు సెర్చ్‌లో ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ సాధనంలో) లింకుల రిపోర్టు చదవడం నేర్పుతారా అని అడగండి. మిగతా ఫీజు కట్టకముందే అడగండి.