సెమాగ్లూటైడ్ ఆపాక బరువు తిరిగి పెరిగితే

నమస్కారం అండీ. సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్‌తో మీ శ్రీమతి గారు ఎనిమిది నెలల్లో పదకొండు కిలోలు తగ్గారనీ, ఆపిన ఐదు నెలల్లో ఏడు కిలోలు తిరిగి పెరిగారనీ రాస్తూ, ఫ్రిజ్‌లో మిగిలిన ఇంజెక్షన్ పెన్నుతో (మందు నింపి ఉండే పెన్ను ఆకారపు సిరంజితో) పాత మోతాదే మళ్లీ మొదలుపెట్టవచ్చా అని అడిగారు.

దయచేసి ఆ పెన్ను వాడకండి. ఒకసారి వాడడం మొదలుపెట్టిన పెన్నును, ఫ్రిజ్‌లోనే ఉన్నా, కొన్ని వారాలకు పారవేయాలి. పైగా ఇన్ని నెలల విరామం తర్వాత ఒక్కసారిగా పెద్ద మోతాదు తీసుకుంటే వాంతులు, విరేచనాలు తీవ్రమై ఒంట్లో నీరు తగ్గిపోయే ప్రమాదం ఉంది. అందుకే డాక్టర్లు సాధారణంగా మళ్లీ వారానికి 0.25 మి.గ్రా. నుంచే మొదలుపెట్టి, నెలకొక మెట్టు చొప్పున పెంచుతారు.

బరువు తిరిగి రావడం ఆమె తప్పు కాదు. ఇంట్లో ఎవరినీ ఆ మాట అననివ్వకండి. ఊబకాయం దీర్ఘకాలిక వ్యాధి. మందు ఆకలిని అదుపు చేస్తుంది, ఆపగానే శరీరం పోయిన బరువును రాబట్టుకోవడానికి ఆకలిని మళ్లీ పెంచుతుంది. ఈ మందుపై జరిగిన స్టెప్ 1 అనే పరిశోధనలో దీన్ని వాడినవారు 68 వారాల్లో సగటున సుమారు 15 శాతం బరువు తగ్గారు. ఆపాక మరో ఏడాది గమనించినవారిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. బీపీ మాత్ర మానేస్తే బీపీ పెరగడం లాంటిదే ఇది.

డాక్టరును కలిసినప్పుడు ఎంతకాలం వాడాలో, ఆ ఖర్చు మీరు భరించగలరో ముందే మాట్లాడుకోండి. థైరాయిడ్ పరీక్ష చేయించి, ఆమె వాడే ఇతర మందుల చీటీ కూడా చూపించండి. గర్భం ఆలోచన ఉంటే కనీసం రెండు నెలల ముందే ఈ మందు ఆపాలి. ఆకలి తగ్గినప్పుడు కండ కరగకుండా, పళ్లెంలో అన్నం కన్నా ముందు ముద్దపప్పో గుడ్డో తినమనండి.