కారు లేకుండా హైలాండ్స్ పల్లె చూడాలంటే ప్లాక్టన్ వెళ్లండి

నమస్తే అండీ. స్కాట్లాండ్‌లోని హైలాండ్స్ కొండసీమలో, ఇన్వర్నెస్ నగరం నుంచి కారు లేకుండా ఒక్క రోజులో ఏ పల్లె చూడాలని అడిగారు కదా. సందేహం లేకుండా ప్లాక్టన్. కైల్ ఆఫ్ లోకల్ష్ వెళ్లే రైలు ఎక్కితే రెండు గంటలకు పైగా ప్రయాణం. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. స్ట్రాత్‌కారన్ దాటాక లోక్ కారన్ అనే సముద్రపు పాయ నీళ్లు పట్టాల పక్కనే కనిపిస్తాయి. స్టేషన్ నుంచి ఊళ్లోకి కొంచెం నడవాలి. రోజుకు రైళ్లు కొన్నే, ఆదివారం ఇంకా తక్కువ. తిరుగు రైలు వేళ ముందే చూసుకోండి.

ఒడ్డున ఇళ్లన్నీ ఒకే వరుసలో ఎందుకున్నాయన్నది మీ రెండో ప్రశ్న. ఆ ఊరు దానంతట అది పెరిగింది కాదు, 1800 తొలి ఏళ్లలో భూస్వామి గీత గీసి కట్టించింది. ఆ కాలంలో హైలాండ్స్‌లో లోపలి పొలాలను గొర్రెల మేతకు ఇచ్చి, రైతులను సముద్రపు ఒడ్డుకు తరలించేవారు. చేతికొచ్చిన చిన్న పొలం ముక్కతో కడుపు నిండదు కనుక హెర్రింగ్ చేపల వేట తప్పనిసరి. చేపలు తగ్గాయి, 1846లో బంగాళాదుంప తెగులు వచ్చింది, ఊరు ఆకలితో అల్లాడింది. ఇప్పటి అందమైన తెల్లటి ఇళ్లను ఈ సంగతి తెలిసి చూడాలని నా కోరిక.

ఇక ప్లాక్టన్ ఫొటోలో తాటిచెట్లున్నాయేమిటని అడిగారు. అవి తాటిచెట్లు కావు, న్యూజిలాండ్ నుంచి తెచ్చిన కార్డిలైన్ మొక్కలు. ఊరు తూర్పుకు తిరిగి ఉండటంతో పడమటి గాలి నేరుగా తగలదు; సముద్రపు వెచ్చదనమూ తోడవుతుంది, అందుకే అవి అక్కడ బతుకుతున్నాయి. ఆటు వేళకు వెళ్తే ఎదుటి చిన్న దీవికి నడిచి వెళ్లవచ్చు, కానీ పోటు వేళ కనుక్కుని మరీ దిగండి.