ఆకాశంలో చారలు ఎందుకు పడతాయి?

ప్రశ్న: నాగార్జునసాగర్ జలాశయం మీది సాయంత్రపు ఆకాశాన్ని ఫోటో తీసి 20 అడుగుల ఫ్లెక్సీకి డిజైన్ చేశాను. ఒక పక్క నుంచి మరో పక్కకు నీలం మెల్లగా పలచబడవలసిన చోట చారలు కనిపిస్తున్నాయి. 10 బిట్ల మానిటర్ కొంటే పోతాయా?
– ఒక డిజైనర్, నల్లగొండ

జవాబు: మానిటర్ మార్చినంత మాత్రాన ఫ్లెక్సీ మీది చారలు పోవు. జేపెగ్ ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 8 బిట్లు, అంటే 256 మెట్లు మాత్రమే ఉంటాయి. మూడూ కలిస్తే 1,67,77,216 రంగులని ప్రకటనల్లో గొప్పగా చెబుతారు గానీ, ఒక్క ఆకాశం దగ్గర ఆ లెక్క అక్కరకు రాదు. నీలం విలువ ఒక అంచున 180, రెండో అంచున 220 ఉందనుకోండి. నడుమ ఉన్నవి 40 మెట్లే. వాటిని 240 అంగుళాల మీద పరిస్తే ఒక్కో మెట్టు అరడుగు వెడల్పున పడుతుంది. మిగతా రెండు రంగులు వేరే చోట్ల మారితే ఆ మెట్లు కాస్త చిన్నవవుతాయి, అంతే. పైగా రెండు మెట్లు కలిసే గీతను మన కన్ను ఉన్నదానికన్నా పెంచి చూస్తుంది. ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాక్ 1865లోనే ఈ సంగతి గమనించారు.

ముందుగా ఫోటో దిద్దే సాఫ్ట్‌వేర్‌లో రంగు విలువ చూపే ఐడ్రాపర్‌తో ఒక్కో చారలోని విలువను చూడండి. విలువలు ఒక్కొక్కటిగా మారుతుంటే అది 8 బిట్ల హద్దు; మూడు, నాలుగు చొప్పున దూకుతుంటే మాత్రం, మీరు కర్వ్స్ (వెలుగునీడలు సర్దే గీత) గట్టిగా లాగినప్పుడు నడిమి మెట్లు పోయాయన్నమాట. కెమెరాలో రా ఫైలు (జేపెగ్‌గా మార్చక ముందరి ముడి ఫైలు) ఉంటే, అందులో సాధారణంగా 12 లేదా 14 బిట్లు ఉంటాయి కాబట్టి, దాన్ని 16 బిట్లలో తెరిచి మళ్లీ దిద్దండి. అది లేకపోతే జేపెగ్‌నే 16 బిట్లకు మార్చి, ఆకాశం వరకు కొద్దిగా బ్లర్ చేసి, సన్నని నాయిస్ (చెదురుమదురు చుక్కలు) చల్లండి. ఊరికే 16 బిట్లకు మార్చినంతలో పోయిన మెట్లు తిరిగి రావు. పోచంపల్లి చీరలో రంగు మారే అంచు కత్తిరించినట్టు ఉండదు, పోగులు అటూ ఇటూ జరిగి నూగుగా కలుస్తుంది. నాయిస్ చేసే పనీ అదే.

ఫైలును, నాణ్యత తగ్గకుండా దాచే టిఫ్‌గా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే కుదింపులో ఆ నూగు చెరిగిపోయి చారలు మళ్లీ తేలతాయి. ప్రింటులో చారలు ఆకాశంలోనే కాక నీటి మీదా, మనుషుల ముఖాల మీదా ఒకే వెడల్పున సాగితే తప్పు ఫైలుది కాదు, ప్రింటర్ హెడ్‌ది. దాన్ని శుభ్రం చేయించి, ఒక అడుగు పొడవు ముక్క వేయించి చూశాకే మొత్తం ఫ్లెక్సీ వేయించండి.